పక్కపక్కన తొక్కే దారి

భార్యాభర్తలు సైకిలు తొక్కడానికి ఒక రోడ్డు పనికొస్తుందో లేదో తేల్చడానికి నాకు ఒక్కటే పరీక్ష. ఇద్దరూ పక్కపక్కన తొక్కుతూ, గొంతు పెంచకుండా మాట్లాడుకోగలగాలి. వెనక హారన్ మోగి ఒకరు ముందుకు, ఒకరు వెనక్కు జరిగారంటే కబుర్లు అక్కడితో సరి. ఆ తర్వాత ఎన్ని కిలోమీటర్లు తొక్కినా అది ఒళ్లు వంచడమే గానీ విహారం కాదు. ఈ పరీక్షలో స్కాట్లండ్ సరస్సు దారులు నెగ్గాయి, మా బెంగళూరు ఎలక్ట్రానిక్ సిటీ రోడ్లు తప్పాయి. అవి నెగ్గడానికి కారణాలు చూసొచ్చాక, ఇవి తప్పడానికి కారణం లేదని నమ్ముతున్నాను.

మాది కడప జిల్లా పోరుమామిళ్ల. బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీ అకౌంట్స్ విభాగంలో పని చేస్తాను. ఇల్లు ఎలక్ట్రానిక్ సిటీ రెండో ఫేజులో. మా అపార్ట్‌మెంట్లో తెలుగువాళ్లు ఎక్కువ. సంక్రాంతి దాటిందంటే లిఫ్టులో మాటలన్నీ వేసవి ప్రయాణాల మీదికి మళ్లుతాయి. ఈ మధ్య స్విట్జర్లాండ్ పాతబడింది, స్కాట్లండ్ వంతు వచ్చింది. సరస్సు ఒడ్డున రెండు రోజుల బస, సైకిళ్లు, పడవ షికారు, కొండ మీద చిన్న నడక, జంటకు ఇంత అని రేటు. వెళ్లేవాళ్లను నేను వద్దనను. మా అమ్మాయి గ్లాస్గోలో చదువుకునే రోజుల్లో నేనూ మా ఆయనా వెళ్లి తొక్కి వచ్చినవాళ్లమే. కాకపోతే ఆ రెండు రోజులకు డబ్బు కట్టి మనం తెచ్చుకునే ఆనందంలో నీళ్లూ కొండల వాటా తక్కువ, కార్లు లేని దారి వాటా ఎక్కువ. అలాంటి దారి ఇక్కడ ఏర్పాటు చేసుకోవడానికి వీసా అక్కర్లేదు.

ముందు అక్కడ వాళ్లు ఏం చేశారో చెబుతాను. గ్లాస్గోకు ఉత్తరాన లాక్ కాట్రిన్ అనే పొడవాటి సరస్సు ఉంది. ట్రోసాక్స్ రేవు దగ్గర సైకిళ్లు అద్దెకిస్తారు, బ్యాటరీవి కూడా. పడవలో సైకిళ్లు ఎక్కించుకుని అవతల స్ట్రోనక్‌లాకర్‌లో దిగి, ఒడ్డు వెంబడి వెనక్కి తొక్కుకుంటూ రావచ్చు. ఇరవై కిలోమీటర్ల పైచిలుకు. ఆ రోడ్డు అక్కడి నీటి సరఫరా సంస్థ స్కాటిష్ వాటర్‌ది. బయటి కార్లను రానివ్వరు. చిన్న చిన్న ఎక్కుళ్లు ఉన్నాయి, దిగి నడిపించుకుంటూ పోయినా తరిమేవాళ్లు లేరు. మా ఆయన బ్యాటరీ సైకిలు తీసుకున్నారు, నేను మామూలుది. ఎక్కుడు వచ్చినప్పుడల్లా "మోకాళ్లు ఎట్లుండాయే?" అని ఆయన, "ముందు మీ బ్యాటరీ చూసుకోండి" అని నేను. ఇంట్లో టీవీ ముందు కూర్చుంటే రాని మాటలు ఆ దారిలో ఎన్ని దొర్లాయో.

ఆ సరస్సు గ్లాస్గో తాగే నీళ్లు. పంతొమ్మిదో శతాబ్దం నడుమ కలరా ఆ ఊరిని పీడించినప్పుడు, జాన్ ఫ్రెడరిక్ బేట్‌మన్ అనే ఇంజనీరు కాట్రిన్ నీళ్లను పంపులు లేకుండా, వాలు మీదే నగరానికి రప్పించాడు. 1859 అక్టోబరులో విక్టోరియా రాణి ఆ పథకాన్ని ప్రారంభించింది. ఇప్పటికీ ఆ నీళ్లే తాగుతున్నారు. మన దగ్గరైతే తాగునీటి చెరువు అనగానే ముళ్లకంచె, తాళం. అక్కడ మనుషులను రానిచ్చి, బండ్లను ఆపారు. సరస్సుకు ఏది ముప్పో, ఏది కాదో వాళ్లు విడదీసి చూశారు.

కాట్రిన్ ఎక్కుళ్లు కష్టం అనుకునేవాళ్లకు లాక్ లీవెన్ ఉంది. కిన్రాస్ అనే చిన్న ఊరి పక్కన, సరస్సు చుట్టూ 21 కిలోమీటర్ల బాట, దాదాపు చదును. నడిచేవాళ్లు, సైకిళ్లవాళ్లు, చక్రాల కుర్చీల వాళ్లు ఒకే బాట పంచుకుంటారు. సరస్సు మధ్య దీవిలో పాత కోట. 1567లో స్కాట్ల రాణి మేరీని అందులోనే బంధించారు. మరుసటి ఏడాది ఆమె పడవలో తప్పించుకుపోయింది. శీతాకాలం ముందు వేల బాతులు దిగే చోటు అది, అయినా బాట మూయలేదు. పక్షులను చాటు నుంచి చూడటానికి గుడిసెలు కట్టారు. ఇవన్నీ ఏదో ఒక ఊరి మంచితనం మీద నడుస్తున్నవి కావు. 2003 నాటి స్కాట్లండ్ భూసంస్కరణల చట్టం, బాధ్యతగా మెలిగినంత కాలం నేల మీదా సరస్సుల మీదా మోటారు లేకుండా తిరిగే హక్కును అందరికీ ఇచ్చింది. గ్లాస్గో నుంచి లాక్ లోమండ్ ఒడ్డున ఉన్న బాలక్ దాకా రైలుంది. అక్కడి రైళ్లలో సైకిలుకు టికెట్ అడగరు.

పొగిడింది చాలు. జూలైలో కూడా స్వెట్టర్ వేసుకోవాలి, వాన ఎప్పుడు పడుతుందో వాతావరణ శాఖకే తెలియదు. వేసవిలో మిడ్జ్ అనే కంటికానని పురుగులు గుంపులుగా కమ్ముకుని కుడతాయి. దానితో పోల్చితే సముద్ర మట్టానికి తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉన్న బెంగళూరులో జనవరి తెల్లవారుజాము పదిహేను డిగ్రీలు, వాన ఊసు లేదు, ఎనిమిదింటికి లేత ఎండ. ఈ వాతావరణం కోసం ఒకప్పుడు ఇంగ్లీషు దొరలు ఇక్కడ కంటోన్మెంటు కట్టుకున్నారు. మా హోసూరు అవతల తళికి లిటిల్ ఇంగ్లండ్ అనే పేరు ఇప్పటికీ చెబుతారు.

ఇక ఎలక్ట్రానిక్ సిటీ సంగతి. 1978లో కర్ణాటక ప్రభుత్వ సంస్థ కియోనిక్స్, ఆర్.కె.బాళిగ చొరవతో, కోనప్పన అగ్రహార, దొడ్డతోగూరు గ్రామాల నేలలో దీన్ని మొదలుపెట్టింది. అప్పటికి ఇదంతా రాగి చేలు, చెరువులు. పేర్లలోని అగ్రహారాలు, పాళ్యాలు ఇంకా ఉన్నాయి, చెరువులూ ఉన్నాయి. హెబ్బగోడి చెరువు, హుస్కూరు చెరువు, ముత్తానల్లూరు చెరువు, చందాపుర చెరువు, కొంచెం అవతలికి పోతే బేగూరు, హులిమావు. వీటిలో ఏదీ ఒంటరిది కాదు. ఒకటి నిండి మరవ పారితే ఆ నీళ్లు రాజకాలువలో పడి కింది చెరువుకు చేరేలా పాతకాలం రైతులు, పాళెగాళ్లు గొలుసుగా కట్టారు. చందాపుర నీళ్లు ముత్తానల్లూరుకు, అక్కడి నుంచి బిదరగుప్పెకు, చివరకు దక్షిణ పినాకినికి.

ఈ గొలుసును సైకిలు మీది నుంచి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. నీళ్లు నెమ్మదిగా పారే వాలే మనిషి తేలిగ్గా తొక్కగలిగే వాలు. కాలువ వెంట దారి వేస్తే అరవై ఏళ్ల మోకాలు కూడా గేరు మార్చనక్కర్లేదు. చెరువు కట్టయితే మరీ చదును. తేలికపాటి సైకిలు దారి కోసం మన ఇంజనీర్లు కొత్తగా సర్వే చెయ్యాల్సింది ఏమీ లేదు. పారే నీళ్లు ఏనాడో చేసి పెట్టాయి.

ఉన్నంతలో ఒక జంట శని, ఆదివారాలు ఎలా గడపవచ్చో మా అలవాటు చెబుతాను. శనివారం సాయంత్రం హెబ్బగోడి చెరువు. ఒకప్పుడు మురుగుతో నిండి కంపు కొట్టిన ఈ చెరువును బయోకాన్ ఫౌండేషన్ బాగు చేయించింది. నీటి మీద తేలే తెప్పల్లో మొక్కలు పెంచి, వాటి వేళ్లు మురుగులోని పోషకాలను లాక్కునేలా ఏర్పాటు చేశారు. ఇప్పుడు చుట్టూ నడవవచ్చు. యెల్లో లైన్ మెట్రో 2025 ఆగస్టులో మొదలయ్యాక హెబ్బగోడి స్టేషన్‌లో దిగి రావడమూ తేలికే, జయనగర్ వైపు నుంచి స్నేహితులు కూడా వస్తున్నారు.

ఆదివారం తెల్లవారి ఆరింటికల్లా బయలుదేరితే హుస్కూరు. హోసూరు రోడ్డు దాటి హుస్కూరు గేటు నుంచి లోపలికి అయిదారు కిలోమీటర్లు. మద్దూరమ్మ గుడి దగ్గర ఆగుతాం. ఏటా మార్చి ప్రాంతంలో జరిగే జాతరకు చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వంద అడుగులు మించిన తేరులు కట్టి ఎద్దులతో, ట్రాక్టర్లతో లాగించుకు వస్తారు. ఆ నెలలో వెళితే పొలాల్లో తేరు కడుతున్న గడకర్రలు కనబడతాయి. డిసెంబరు, జనవరిలో అయితే రోడ్డు పక్కన అనపకాయల బుట్టలు. రెండు కిలోలు హ్యాండిల్‌కు తగిలించుకుంటే ఆ మధ్యాహ్నం ఇంట్లో పితికిపప్పు కూర. కట్ట మీద నిలబడితే గూడబాతులు, నీటికాకులు, కాస్త ఓపిక ఉంటే లకుముకి పిట్ట. ఓపిక ఉన్న జంటలు ఇంకా ముందుకు ముత్తానల్లూరు దాకా పోవచ్చు. ఆనేకల్ తాలూకా పెద్ద చెరువుల్లో అదొకటి. కట్ట మీది నుంచి నీళ్లు బారుగా కనబడతాయి. చూడండి గానీ చెయ్యి పెట్టకండి, ఎందుకో తర్వాత చెబుతాను.

బద్ధకం ఎక్కువైన ఆదివారం బేగూరు. గంగరాజుల నాటి నాగేశ్వర ఆలయం, దాని పక్కనే చెరువు. ఆ గుడిలో సుమారు క్రీ.శ. 890 నాటి శాసనం ఉంది. ఏదో యుద్ధంలో చనిపోయిన వాడిని గురించి చెబుతూ అందులో బెంగళూరు పేరు రాశారు. ఈ నగరం పేరు కనబడిన అతి పాత రాత అదే. ఐటీ వాళ్లు కట్టిన ఊరు అని మన పిల్లలు అనుకునే బెంగళూరు వయసు తెలుసుకోవాలంటే ఆ రాతి ముందు నిలబెట్టండి. గుడి చూసి, చెరువు చుట్టూ నడిచి, తట్టె ఇడ్లీ తిని వస్తే పూట గడుస్తుంది.

కొత్తగా మొదలుపెట్టే జంటలకు రెండు మాటలు. సీటు మీద కూర్చుని పెడలు కింది కొసకు నెడితే మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. మోకాళ్ల నొప్పి అని సైకిలు మానేసినవాళ్లలో చాలామందికి జబ్బు మోకాలిది కాదు, సీటు ఎత్తుది. రెండోది, ఇద్దరిలో నెమ్మదిగా తొక్కేవాళ్లు ముందుండాలి. వేగం ఉన్నవాళ్లు ముందుంటే వాళ్లు ప్రతి కూడలిలో ఆగి ఎదురు చూడటం, వెనకవాళ్లు వగరుస్తూ చేరగానే మళ్లీ బయలుదేరడం. ఆ ఆదివారమే ఆఖరి సైకిలు ప్రయాణం అవుతుంది. ఇద్దరి బలాల్లో మరీ తేడా ఉంటే ఒకరికి బ్యాటరీ సైకిలు కొనండి, మొహమాటం వద్దు.

ఇంత చెప్పాక అసలు చిక్కు. ఈ దారుల్లో ఎక్కడా మేమిద్దరం పక్కపక్కన తొక్కలేం. మా గేటు నుంచి హోసూరు రోడ్డు దాటే దాకా ప్రాణాలు అరచేతిలో. 2010లో మొదలైన ఎలివేటెడ్ ఎక్స్‌ప్రెస్‌వే పది కిలోమీటర్ల కార్లను పైకెత్తింది, కింద మిగిలిన రోడ్డులో సైకిలుకు గీత కూడా మిగల్లేదు. పల్లె రోడ్డులోకి తిరిగాక చెట్లుంటాయి, కానీ కొత్త లేఅవుట్లకు కంకర తోలే టిప్పర్లు కూడా అదే రోడ్డు మీద. ఆయన వెనక నేను, నా వెనక టిప్పరు. చివరికి చెరువు దగ్గరికి చేరితే గేటుకు బోర్డు. పొద్దున కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు తెరుస్తారు, సైకిళ్లకు ప్రవేశం లేదు. బెంగళూరులో బాగుపడిన చెరువుల్లో చాలావాటికి ఈ బోర్డు ఉంది. బాగుపడని చెరువులకు బోర్డు లేదు, దారీ లేదు.

ఎవరిని అడగాలన్నది ఇంకో చిక్కు. కంపెనీలుండే భాగానికి 2013 నుంచి ఎల్సిటా అనే సొంత పారిశ్రామిక టౌన్‌షిప్ అథారిటీ ఉంది. హెబ్బగోడికి నగరసభ వేరు, చందాపురకు పురసభ వేరు, పల్లెలకు పంచాయతీలు. ఉత్తరాన నగరమంతా 2025లో గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద అయిదు కార్పొరేషన్లుగా విడిపోయింది. ఒక రాజకాలువ అయిదు కిలోమీటర్లు పారే లోపు ముగ్గురు అధికారుల హద్దులు దాటుతుంది. నీళ్లకు హద్దు అడ్డం కాదు, దారికి మాత్రం ప్రతి హద్దు దగ్గరా ఫైలు ఆగుతుంది.

ఇది కొత్త జబ్బేమీ కాదని మా ఊరి చెరువు చెబుతుంది. పోరుమామిళ్ల చెరువును 1369లో మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు తవ్వించాడు. రోజూ వెయ్యి మంది కూలీలు, నూరు బండ్లు, రెండేళ్ల పని అని అక్కడి సంస్కృత శాసనం లెక్క చెబుతుంది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు లక్షణాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా అందులో చెక్కించారు. నీటి శాస్త్రం తెలిసినవాడు ఉండాలన్నది లక్షణాల్లో ఒకటి. కట్ట ఊట కారడం, నేల చవుడు కావడం వంటి దోషాల మధ్యలో ఒకటి నన్ను ఆపుతుంది: చెరువు రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం. ఆ పెద్దలకు నగరసభలూ అథారిటీలూ తెలియవు. ఇద్దరు యజమానులున్న చెరువుకు ఎవరూ యజమాని కారన్న సంగతి బాగా తెలుసు.

చెరువులు మన చేతుల్లోంచి జారిపోవడానికి ఇంకా లోతైన కారణం ఉంది. గ్లాస్గో కాట్రిన్‌ను కాపాడుకున్నది అందం కోసం కాదు, దాహం కోసం. బెంగళూరు కథ తిరగబడి నడిచింది. 1890లలో హెసరఘట్ట, 1933లో తిప్పగొండనహళ్లి జలాశయాలు నగరానికి నీళ్లిచ్చాయి. 1974లో కావేరి మొదటి దశ వచ్చింది. వంద కిలోమీటర్ల అవతలి నుంచి అర కిలోమీటరు ఎత్తుకు పంపులతో తోడి తెచ్చుకునే నీళ్లు కుళాయిలో పడుతుంటే, గుమ్మం ముందున్న చెరువు నీళ్లతో ఊరికి పని లేకుండా పోయింది. పని లేని చెరువులోకి మురుగు వదలడానికి చెయ్యి అడ్డం రాదు. బెళ్లందూరు చెరువు 2017లో, 2018లో మంటలంటుకున్నది ఇలాగే. పారిశ్రామిక వ్యర్థాలు చేరిన మా చందాపుర చెరువు విషయంలో జాతీయ హరిత ట్రిబ్యునల్ 2022లో కర్ణాటక ప్రభుత్వాన్ని 500 కోట్ల రూపాయల పరిహారం కట్టమని ఆదేశించింది. ఆ నీళ్లే దిగువన ముత్తానల్లూరుకు వస్తాయి. చెయ్యి పెట్టవద్దన్నది అందుకే.

"ముందు నీళ్లు బాగుపడనివ్వండి, సైకిళ్లు తర్వాత" అని మా ఆఫీసులో ఒకాయన అంటారు. నేను వరస మార్చమంటాను. చెరువుతో జనానికి మళ్లీ ఒక పని ఏర్పడాలి. ఇక తాగము, ఇక పొలాలకు పారించము. మిగిలిన పని ఒక్కటే, ఒడ్డున తిరగడం. ప్రతి ఆదివారం వందల మంది కట్ట మీద తిరిగితే, రాత్రికి రాత్రి ట్యాంకరు వచ్చి వ్యర్థాలు వదిలిన సంగతి తెల్లారేసరికి ఊరంతా తెలుస్తుంది. కంచె కాపలా కంటే కళ్ల కాపలా గట్టిది, దానికి జీతం కూడా అక్కర్లేదు.

అసాధ్యమేమీ కాదు, మనవాళ్లు చేసి చూపించారు కూడా. హైదరాబాద్‌లో 1562లో కట్టిన హుస్సేన్‌సాగర్ కట్ట మీద 2021 ఆగస్టులో ఆదివారం సాయంత్రాలు వాహనాలు ఆపేశారు. దానికోసం కొత్త వంతెన కట్టలేదు. రెండు కొసల్లో బారికేడ్లు పెట్టారు, పిల్లలూ ముసలివాళ్లూ కట్టంతా నిండిపోయారు. విశాఖ బీచ్ రోడ్డులో తెల్లవారుజామున నడిచేవాళ్ల కోసం బండ్లు ఆపడం చాలా ఏళ్లుగా ఉన్నదే. బెంగళూరు కబ్బన్ పార్కులోనే ఆదివారాలు కార్లకు గేట్లు మూస్తారు. కోరమంగల లోయలో మురుగు కంపు కొట్టిన రాజకాలువ వెంట కే-100 పేరుతో నడకదారి పని మొదలైంది. డబ్బుంటే ఏం చేయవచ్చో చూడాలంటే 2023 అక్టోబరులో హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పక్కన తెరిచిన 23 కిలోమీటర్ల సైకిలు ట్రాక్ ఉంది. పైన సౌర ఫలకాల నీడ, నాలుగున్నర మీటర్ల వెడల్పు. పక్కపక్కన తొక్కవచ్చు, నా పరీక్షలో నెగ్గుతుంది. పక్కన చెరువుకు బదులు హైవే ఉండటం ఒక్కటే లోటు.

అభ్యంతరాలు ఉన్నాయి, న్యాయమైనవే. పొద్దున నడిచే పెద్దవాళ్లకు వెనక నుంచి దూసుకొచ్చే సైకిలంటే భయం. ఆ భయం తీరాలంటే సైకిళ్లకు వేరే గంట కేటాయించాలి, ఒకే దిశలో, నెమ్మదిగా, నడిచేవాళ్లకే మొదటి హక్కు. పోటీల బట్టలేసుకుని గంటకు ముప్పై కిలోమీటర్లు తొక్కే కుర్రాళ్లకు ఈ కట్టలు కావు, వాళ్లకు నంది కొండలున్నాయి. పక్షుల కోసం వాదించేవాళ్లు చెరువు చుట్టూ బాట వద్దంటారు. నేనూ ఒప్పుకుంటాను. నీళ్లు వచ్చి చేరే వైపు జమ్ము, బురద అలాగే వదిలేయాలి, గూళ్లు అక్కడే ఉంటాయి. కట్ట వైపు చాలు మనకు. చెరువును చుట్టి రావడం కంటే ఒక కట్ట నుంచి ఇంకో కట్టకు పోవడమే మంచి ప్రయాణం. చీకట్లో ఆడవాళ్లకు భద్రత ఏదంటారు. ఖాళీ దారికి కాపలా పెట్టినా భయమే, మనుషులున్న దారికి దీపాలు లేకపోయినా ధైర్యమే. నేను ఒంటరిగా హుస్కూరు వైపు వెళ్లను, ఇంకో పది జంటలుంటే వెళతాను.

కాబట్టి అడగాల్సినవి నాలుగు. మొదటిది, ఆదివారం ఉదయం ఆరు నుంచి తొమ్మిది దాకా హుస్కూరు గేటు నుంచి చెరువు కట్ట దాకా టిప్పర్లు, బయటి కార్లు ఆపాలి. ఊరివాళ్ల బండ్లు, పాల వ్యానులు, బస్సులు మామూలుగా తిరగవచ్చు. రెండోది, చెరువు గేట్ల మీది బోర్డులో సైకిళ్లకు ఒక గంట చేర్చాలి. మూడోది, రాజకాలువల పక్క నేల. ప్రధాన కాలువకు 50 మీటర్లు, చెరువుకు 30 మీటర్ల లోపల కట్టడాలు కూడదని బెంగళూరు 2015 మాస్టర్ ప్లాన్ రాసింది. ఆ కొలతల మీద కోర్టుల్లోనూ అసెంబ్లీలోనూ తగాదాలు నడిచాయి. ఎన్ని మీటర్లు మిగిలినా సరే, పూడిక తీసే జేసీబీ పోవడానికి కాలువ పక్కన ఎలాగూ బాట ఉంచాలి. ఏడాదిలో మిగిలిన రోజులు ఆ బాట సైకిళ్లకు వదలాలి. కంపెనీల సామాజిక బాధ్యత నిధులు చెట్లు నాటిన ఫోటోలకు ఖర్చయ్యే బదులు ఆ బాటకు ఎర్రమట్టి పరిస్తే చాలు.

నాలుగోది అద్దె సైకిళ్లు. నా చిన్నప్పుడు పోరుమామిళ్లలో కూడా గంటకింత అని సైకిళ్లు అద్దెకిచ్చే సైకిల్ ట్యాక్సీ అంగడి ఉండేది. నాలుగు సైకిళ్లు, ఒక పంపు, గోడ మీద సుద్దముక్కతో లెక్క. ట్రోసాక్స్ రేవులో నేను చూసింది అదే అంగడి, కంప్యూటరు ఎక్కువ. హెబ్బగోడి, హుస్కూరు రోడ్డు మెట్రో స్టేషన్ల కింద స్థానిక కుర్రాళ్లకు అలాంటి అంగళ్లు పెట్టనివ్వాలి. నమ్మ మెట్రో 2022 నవంబరు నుంచి మడిచే సైకిళ్లను, 15 కిలోల లోపు బరువుంటే, ఆఖరి బోగీలో రానిస్తోంది. మంచిదే. మామూలు సైకిలు ఉన్నవాళ్లే ఎక్కువ గనక ఆదివారం ఉదయం రైళ్లు ఖాళీగా నడిచే వేళ వాళ్లనూ రానివ్వాలి.

ఈ నాలుగింటిలో మొదటి రెండింటికి టెండరు అక్కర్లేదు. ట్రాఫిక్ పోలీసుల ఉత్తర్వు ఒకటి, చెరువు యజమాని సంతకం ఒకటి. మూడు నెలల పాటు చలికాలంలో నడిపి చూసి, జనం రాకపోతే ఎత్తేయండి. మా అపార్ట్‌మెంట్ల సంఘాలు కూడా ఒక పని చేయాలి. ఏటా దసరాకు స్టేజీ కట్టి బంతిపూలకు పోసే డబ్బులో కొంత తీసి, ఆదివారాలు ఆ బారికేడ్ల దగ్గర నిలబడే నలుగురు వాలంటీర్లకు టీ, టిఫిన్ పెట్టాలి. స్కాట్లండ్ వెళ్లొచ్చినవాళ్లు ముందుగా సంతకాలు చేయాలి. అలాంటి దారి ఎంత సుఖమో మనకే తెలుసు గనక, అడగాల్సిన బాధ్యతా మనదే.